ఫైనాన్స్, బ్యాంకింగ్ పీజీ: సిలబస్‌లో ఏం వెతకాలి, లెక్క ఎలా వేసుకోవాలి

ఫైనాన్స్‌లో పీజీ చేద్దామనుకునేవాళ్లు ముందు ర్యాంకుల పట్టిక చూస్తారు. తర్వాత ఫీజు, ఆ తర్వాత ప్లేస్‌మెంట్ జీతం. సిలబస్ దాకా వెళ్లేవాళ్లు తక్కువే. ఈ వరుసను తిరగేయాలి. ఫైనాన్స్, బ్యాంకింగ్ అనే పేరు కింద కనీసం నాలుగు రకాల చదువులు నడుస్తున్నాయి. ఒకదానిలో చెప్పేది ఇంకోదానిలో చెప్పరు, ఒకదానితో తెరుచుకునే తలుపు ఇంకోదానితో తెరుచుకోదు. తప్పు చదువులో చేరితే మంచి కాలేజీ అయినా పెద్దగా ఆదుకోదు.

మొదటిది ఎంబీఏ. ఫైనాన్స్ ఇందులో స్పెషలైజేషన్ మాత్రమే. మొదటి ఏడాది మార్కెటింగ్, ఆపరేషన్స్, స్ట్రాటజీ, మానవ వనరులు అన్నీ చదవాలి. ఫైనాన్స్ లోతు రెండో ఏడాది ఎలెక్టివ్‌లలోనే వస్తుంది. మూడు నుంచి ఐదేళ్లు ఉద్యోగం చేసి, దారి మార్చుకోవాలనుకునేవాళ్ల కోసం రూపొందిన చదువు ఇది. రెండోది ఎంఎస్సీ ఫైనాన్స్. పది నుంచి పదహారు నెలల్లో ముగిసే ఈ కోర్సులో డిగ్రీ అయిన వెంటనే చేరవచ్చు, దాదాపు ప్రతి పేపరూ ఫైనాన్సే. మూడోది బ్యాంకింగ్ మీదే దృష్టి పెట్టిన ఎంఎస్సీ: రుణాల అంచనా, ట్రెజరీ, నియంత్రణ నిబంధనలు, బ్యాంకు రిస్క్. నాలుగోది ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ లేదా క్వాంటిటేటివ్ ఫైనాన్స్. పేరులో ఫైనాన్స్ ఉన్నా ఇది చాలావరకు గణితం, ప్రోగ్రామింగ్. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రాకుండా చేరితే మొదటి సెమిస్టర్‌లోనే ఊపిరాడదు.

ఏది మంచిదో తేల్చే ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోవాలి. 'బ్యాంకులో ఉద్యోగం' అంటే అది ఒక పని కాదు. కంపెనీకి అప్పు ఇవ్వవచ్చా లేదా అని తేల్చే క్రెడిట్ అనలిస్టుకూ, బ్యాంకు సొంత నిధులను, వడ్డీ రేట్ల తేడాలను చూసుకునే ట్రెజరీ మనిషికీ, విలీనాలు, వాటాల అమ్మకాలు నడిపే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకరుకూ కావాల్సిన చదువు వేరు. క్రెడిట్‌కు అకౌంటింగ్ గట్టిగా రావాలి. ట్రెజరీకి బాండ్లు, డెరివేటివ్‌లు (వడ్డీ రేటు, కరెన్సీ లాంటివాటి కదలిక మీద విలువ ఆధారపడే ఒప్పందాలు) రావాలి. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు వాల్యుయేషన్ (కంపెనీకి విలువ కట్టడం), ఎక్సెల్ మోడలింగ్ కావాలి, వాటికన్నా ముందు సరైన సమయానికి ఇంటర్న్‌షిప్ దొరకాలి. రిస్క్ మోడలింగ్‌కు గణాంకశాస్త్రం, కోడింగ్. నిబంధనల అమలు విభాగానికి చట్టం చదివే ఓపిక. వీటిలో ఏది తన పనో ఇంకా తెలియదు అంటే విశాలమైన ఎంబీఏ సరైన ఎంపిక కావచ్చు. అది తెలిసినవాళ్లు మాత్రం రెండేళ్లు, రెట్టింపు ఖర్చు ఎందుకు పెట్టాలో ఒకసారి తమను తాము ప్రశ్నించుకోవాలి.

చేరే హోదాలోనూ తేడా ఉంటుంది. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు ఎంఎస్సీ చదివినవాళ్లను సాధారణంగా అనలిస్టుగా, ఎంబీఏ చదివినవాళ్లను ఒక మెట్టు పైన అసోసియేట్‌గా తీసుకుంటాయి. ఉద్యోగానుభవం లేకుండా ఎంబీఏ పూర్తి చేసినవాళ్లు ఈ రెండింటి మధ్య ఇరుక్కుపోతారు. అసోసియేట్ పనికి అనుభవం చాలదంటారు, అనలిస్టు పనికి ఎంఎస్సీ అభ్యర్థి చవకగా దొరుకుతాడు. ఈ రంగంలో తరచూ కనిపించే పొరపాటు ఇదే, తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

బ్యాంకు బ్యాలెన్స్ షీట్ నేర్పుతున్నారా?

బ్యాంకింగ్ అని పేరు పెట్టిన చాలా కోర్సుల్లో చెప్పేది కార్పొరేట్ ఫైనాన్సే. ఇది చిన్న లోపం కాదు. మామూలు కంపెనీని చదివే పనిముట్లు బ్యాంకు దగ్గర పనిచేయవు. ఫ్యాక్టరీకి అప్పు అంటే పెట్టుబడి తెచ్చుకునే మార్గం. బ్యాంకుకు డిపాజిట్ అనే అప్పు ముడిసరుకు. వడ్డీ ఫ్యాక్టరీకి ఫైనాన్స్ ఖర్చయితే, బ్యాంకుకు అది సరుకు కొన్న ధర. అందుకే వడ్డీ తీయకముందు లాభాన్ని కొలిచే ఎబిట్డా అనే లెక్కకు బ్యాంకు విషయంలో అర్థం లేదు. బ్యాంకు విలువ కట్టేటప్పుడు పుస్తక విలువతో షేరు ధర నిష్పత్తి, ఈక్విటీ మీద రాబడి, డివిడెండ్ల ప్రస్తుత విలువ చూస్తారు. వాల్యుయేషన్ పేపర్‌లో 'బ్యాంకులు, బీమా సంస్థలు' అని కనీసం రెండు క్లాసులు విడిగా లేకపోతే, ఆ కోర్సు చదివినవాళ్లు ఇంటర్వ్యూలో బ్యాంకుకు కూడా ఫ్యాక్టరీ లెక్కే వేస్తారు.

మంచి కోర్సులో విద్యార్థి చేతికి ఏం రావాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక బ్యాంకు ఆస్తులు 100. అందులో రుణాలు 50, ప్రభుత్వ బాండ్లు 40, నగదు 10. ఎదురుగా డిపాజిట్లు 92, సొంత మూలధనం 8. బాండ్ల డ్యురేషన్ ఐదేళ్లు. అంటే వడ్డీ రేటు ఒక శాతం పెరిగితే వాటి ధర సుమారు ఐదు శాతం పడుతుంది. రేట్లు రెండు శాతం పెరిగాయనుకుందాం. 40 విలువున్న బాండ్లు పది శాతం పడి 36 అవుతాయి. నష్టం 4, అంటే సొంత మూలధనంలో సగం. కానీ గడువు తీరేదాకా ఉంచుకుంటామని చెప్పి కొన్న బాండ్లయితే ఈ నష్టం పుస్తకాల్లో కనిపించదు. లెక్కల్లో బ్యాంకు నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు డిపాజిటర్లు 20 వెనక్కి అడిగారు. నగదు 10 ఇచ్చేశాక మిగతా 10 కోసం బాండ్లు అమ్మాలి. అవి 40కి 36 పలుకుతున్నాయి కాబట్టి 10 తేవాలంటే పుస్తక విలువ ప్రకారం 11.1 అమ్మాలి. 1.1 నష్టం అక్కడికక్కడే బయటపడుతుంది. పైగా అమెరికా అకౌంటింగ్ నిబంధనల కింద, గడువు దాకా ఉంచుకుంటామన్న బాండ్లలో ఇలా కొన్ని అమ్మితే మిగతావాటికీ ఆ సదుపాయం పోయి, అన్నిటినీ మార్కెట్ ధరకు చూపించాల్సి వస్తుంది. దాచిన 4 నష్టం మొత్తం బయటికొస్తుంది. అది చూసి మిగతా డిపాజిటర్లు కూడా బారులు తీరతారు.

ఇది ఊహించిన కథ కాదు. 2023 మార్చి 10న మూతపడిన సిలికాన్ వ్యాలీ బ్యాంకులో జరిగింది దాదాపు ఇదే. 2022 చివరికి ఆ బ్యాంకు గడువు దాకా ఉంచుకుంటామన్న బాండ్లు సుమారు 91 బిలియన్ డాలర్లు, వాటి మీద పుస్తకాల్లోకి రాని నష్టం సుమారు 15 బిలియన్ డాలర్లు. మొత్తం ఈక్విటీ 16 బిలియన్ డాలర్ల పైచిలుకు. మూతపడే ముందురోజు ఒక్కరోజే 42 బిలియన్ డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ఖాతాదారులు ప్రయత్నించారు. ఈ లెక్కను విద్యార్థి కాగితం మీద తానే వేసి, ఏ దశలో ఏం చేసి ఉంటే బ్యాంకు నిలబడేదో చెప్పగలగాలి. అది చేయించే పేపర్‌కు ఆస్తి-అప్పుల నిర్వహణ, అంటే ఏఎల్ఎం అని పేరు. బ్యాంకింగ్ కోర్సులో ఇది పూర్తి స్థాయి పేపర్‌గా ఉండాలి. రిస్క్ పేపర్‌లో ఒక వారంగా కుదించి ఉంటే, ఆ కోర్సు పేరులో బ్యాంకింగ్ అలంకారానికే ఉందనుకోవచ్చు.

సిలబస్ తెప్పించుకుని చదవడం

కాలేజీ బ్రోచర్‌లో పేపర్ల పేర్లు మాత్రమే ఉంటాయి. 'రిస్క్ మేనేజ్‌మెంట్' అన్న పేరు చూసి లోపల ఏముందో చెప్పలేం. అడ్మిషన్ల విభాగానికి రాసి సెషన్ ప్లాన్ అడగాలి. ఏ వారం ఏ అంశం, ఏ పాఠ్యపుస్తకం, మార్కులు ఎలా వేస్తారు అన్నది అందులో ఉంటుంది. ఇవ్వడానికి ఇబ్బంది పడే సంస్థ కూడా ఒక సమాధానం ఇచ్చినట్టే.

చేతికొచ్చాక మొదట గంటలు లెక్కపెట్టాలి. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఆరు క్రెడిట్ల పేపర్ అంటే క్లాసులు, ఇంట్లో చదువు కలిపి 150 నుంచి 180 గంటలు. రెండు క్రెడిట్ల పేపర్‌లో 'డెరివేటివ్‌లు, ఫిక్స్‌డ్ ఇన్‌కమ్, స్ట్రక్చర్డ్ ప్రొడక్టులు' అన్నీ పెట్టి ఉంటే ఏదీ ఒంటబట్టదు. ఫిక్స్‌డ్ ఇన్‌కమ్‌కు, అంటే బాండ్ల లాంటి వడ్డీ వచ్చే పెట్టుబడులకు, ప్రత్యేక పేపర్ ఉండాలి. బ్యాంకు ఆస్తుల్లో ఎక్కువ భాగం అప్పులూ బాండ్లే అయినప్పుడు, షేర్ల మీదే క్లాసులన్నీ నడిచే సిలబస్ బ్యాంకు ఉద్యోగానికి ఎంతవరకు సాయపడుతుంది?

తర్వాత కొన్ని అంశాల పేర్లు వెతకాలి. బ్యాంకుల మూలధనం, ద్రవ్య నిల్వల మీద అంతర్జాతీయంగా పెట్టిన బాజెల్ 3 నిబంధనలు ఉన్నాయా? ఉంటే చరిత్రగా చెబుతున్నారా, లెక్క వేయిస్తున్నారా? రిస్క్‌ను బట్టి తూచిన ఆస్తుల మీద కామన్ ఈక్విటీ (వాటాదారుల సొంత మూలధనం) కనీసం 4.5 శాతం, దాని పైన రక్షణగా 2.5 శాతం ఉండాలన్నది అందరూ బట్టీ పడతారు. ఇంటి రుణానికి, కంపెనీ రుణానికి, ప్రభుత్వ బాండుకు వేర్వేరు తూకం ఎందుకో, ఒక రుణాన్ని ఇంకో రకంగా మార్చితే నిష్పత్తి ఎంత కదులుతుందో చేయించడమే పాఠం. 30 రోజుల ఒత్తిడిని తట్టుకునే ద్రవ్య నిల్వల నిష్పత్తి, ఏడాది కాలానికి స్థిరమైన నిధుల నిష్పత్తి కూడా అలాగే చేయించాలి.

ఐఎఫ్‌ఆర్ఎస్ 9 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఉందో లేదో చూడాలి. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ప్రమాణం, రుణం మొండిబాకీ అయ్యేదాకా ఆగకుండా ముందే రాబోయే నష్టాన్ని అంచనా వేసి కేటాయింపు చేయమంటుంది. 100 రుణంలో ఏడాదిలోపు ఎగవేత అవకాశం 2 శాతం, ఎగవేస్తే పోయేది 45 శాతం అయితే మొదటి దశలో కేటాయింపు 0.9. రుణగ్రహీత పరిస్థితి బాగా దిగజారి రెండో దశకు జారితే మిగిలిన కాలమంతటికీ లెక్కవేయాలి. ఆ మొత్తం కాలానికి ఎగవేత అవకాశం 10 శాతం అయితే కేటాయింపు ఒక్కసారిగా 4.5కు చేరుతుంది. రుణగ్రహీత ఇంకా ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టకపోయినా ఇది జరగవచ్చు. క్రెడిట్ విభాగంలో రోజూ నడిచే చర్చ ఇదే. అకౌంటింగ్ పేపర్‌లో దీని ఊసే లేకపోతే ఆ పేపర్ తయారీ కంపెనీల కోసం రాసింది.

పాఠాలు పాతబడ్డాయో లేదో పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. డెరివేటివ్‌ల సెషన్ ప్లాన్‌లో వడ్డీ స్వాప్ (స్థిర వడ్డీని, మారే వడ్డీని ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) పాఠం తెరిచి చూడండి. తమ మధ్య అప్పులకు బ్యాంకులు చెప్పిన రేట్ల నుంచి తయారయ్యే డాలర్ లైబార్ 2023 జూన్ 30తో ఆగిపోయింది. దాని స్థానంలో, నిజంగా జరిగిన ఒక్కరోజు అప్పుల నుంచి లెక్కగట్టే సోఫర్ వచ్చింది. లైబార్ ముందుచూపు రేటు, సోఫర్ ఒక్కరోజు రేటు, అందుకే స్వాప్ లెక్క వేసే తీరే మారింది. ఇప్పటికీ స్వాప్ అంటే లైబార్ ఉదాహరణలే చెబుతున్నారంటే ఆ స్లైడ్లు ఎన్నేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదో అర్థమవుతుంది.

ఎలెక్టివ్‌ల జాబితాను నమ్మి చేరకూడదు. జాబితాలో ముప్పై ఉన్నా, తగినంతమంది పేరు ఇవ్వకపోతే నడపరు. బ్యాంకు ఎలెక్టివ్‌లకు సాధారణంగా తక్కువమందే వస్తారు కాబట్టి ముందు తెగిపోయేవి అవే. అడగాల్సిన ప్రశ్న సూటిగా ఉండాలి: గత రెండేళ్లలో నిజంగా నడిచిన ఎలెక్టివ్‌లు ఏవి, ఒక్కోదానిలో ఎంతమంది ఉన్నారు? ఫిన్‌టెక్ పేరుతో పెట్టిన పేపర్లను ఇంకా జాగ్రత్తగా చూడాలి. చెల్లింపుల వ్యవస్థ ఎలా నడుస్తుంది, సెటిల్‌మెంట్ ఎప్పుడు పూర్తవుతుంది, రుణ స్కోరింగ్ మోడల్‌ను ఎలా పరీక్షిస్తారు అన్నవి ఉంటే విలువైన పేపర్. అతిథి ఉపన్యాసాల వరుస అయితే వదిలేయవచ్చు.

ఖర్చు లెక్క

ఫీజు అంటే మొత్తం ఖర్చు కాదు. చదివే కాలంలో వదులుకున్న జీతం చాలామందికి ఫీజుకన్నా ఎక్కువ. దాన్ని కలపకుండా వేసిన లెక్క తప్పుదోవ పట్టిస్తుంది.

ఇప్పటి ఏడాది జీతాన్ని 10 అనుకుందాం. రెండేళ్ల ఎంబీఏ ఫీజు 16, అప్పు మీద వడ్డీ 3, పోయిన జీతం 20. మొత్తం 39. చదివాక జీతం 16 అయితే ఏడాదికి 6 ఎక్కువ, కాబట్టి ఆరున్నరేళ్లలో ఖర్చు తిరిగొస్తుందని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ చదవకుండా ఉద్యోగంలోనే ఉంటే జీతం 10 దగ్గరే ఆగదు. ఏటా 8 శాతం పెరిగితే రెండో ఏడాది 10.8, మూడో ఏడాది 11.66. అప్పుడు పోయిన జీతం 20.8, మొత్తం ఖర్చు 39.8, నిజమైన తేడా 4.34 మాత్రమే. తిరిగిరావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అదే ఏడాది ఎంఎస్సీకి ఫీజు 9, వడ్డీ 1, పోయిన జీతం 10, చదివాక జీతం 14 అనుకుంటే, 10.8తో పోల్చిన తేడా 3.2. ఆరేళ్ల పైచిలుకులో తేరుకుంటారు. ఎంబీఏతో జీతం ఎక్కువగా ఉన్నా, తేరుకునే కాలం ఎక్కువే. చదివాక పెరుగుదల వేగం ఎక్కువుంటే ఈ అంకెలు ఎంబీఏ వైపు మొగ్గుతాయి. అందుకే ఎవరి అంకెలు వాళ్లే వేసుకోవాలి. పన్నులు, మారకపు రేటు కూడా కలపాలి. అప్పు ఒక కరెన్సీలో, జీతం ఇంకో కరెన్సీలో ఉంటే ఆ రిస్క్ మొత్తం విద్యార్థిదే.

చదివాక వచ్చే జీతం ఎంతో తెలియడానికి ప్లేస్‌మెంట్ నివేదికే దిక్కు. దాన్ని హారం నుంచి చదవడం మొదలుపెట్టాలి. 'ఉద్యోగం వెతికినవాళ్లలో 95 శాతం' అంటే తరగతిలో 95 శాతం కాదు. సొంత వ్యాపారం, పై చదువు, సమాచారం ఇవ్వనివాళ్లు అంటూ కొందరిని ముందే తీసేస్తారు. తరగతి 120 మంది, వెతికినవాళ్లు 90, దొరికినవాళ్లు 85 అయితే నివేదికలో 94 శాతం, తరగతి మొత్తానికి 71 శాతం. జీతానికి సగటు కాకుండా మధ్యస్థం చూడాలి. నలుగురికి వచ్చిన భారీ జీతాలు సగటును పైకి లాగేస్తాయి. చివరగా పని పేర్లు. 'బ్యాంకింగ్ రంగంలో 40 శాతం' అన్నచోట రిలేషన్‌షిప్ సేల్స్ ఎంతమంది, క్రెడిట్, ట్రెజరీ, రిస్క్ ఎంతమంది అని విడదీసి అడగాలి.

ర్యాంకుల్లో వాడే జీతాల మీదా ఒక మాట. ఫైనాన్షియల్ టైమ్స్ ఎంబీఏ పట్టిక చదువు ముగిసిన మూడేళ్ల తర్వాతి జీతాన్ని కొనుగోలు శక్తి ప్రకారం సర్దుబాటు చేసి చూపిస్తుంది. పోల్చడానికి అది సరైనదే, కానీ అప్పు తీర్చే లెక్కలో ఆ అంకె వాడకూడదు. చేతికొచ్చే జీతం అది కాదు.

బిజినెస్ స్కూళ్లకు అంతర్జాతీయ సంస్థలు ఇచ్చే గుర్తింపుల విషయం త్వరగా తేల్చేయవచ్చు. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్ బిజినెస్ స్కూల్ మొత్తాన్ని చూస్తాయి, ఆంబా ఎంబీఏ తరహా కోర్సులను చూస్తుంది. మూడూ ఉన్న సంస్థను ట్రిపుల్ క్రౌన్ అంటారు. ఇవి నాణ్యతకు కనీస హామీ. బ్యాంకింగ్ ఎలా చెబుతారో వీటి నుంచి తెలియదు.

సర్టిఫికెట్లు, సమయం

సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణకు), ఎఫ్‌ఆర్ఎం (రిస్క్ నిర్వహణకు) లాంటి వృత్తి సర్టిఫికెట్లు ఉంటే పీజీ అక్కర్లేదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. పెట్టుబడుల నిర్వహణలో ఇప్పటికే ఉన్నవాళ్లకు చాలాసార్లు అక్కర్లేదనే చెప్పాలి. సీఎఫ్‌ఏలో మూడు స్థాయిలు, ఒక్కోదానికి సుమారు 300 గంటల చదువు కావాలని ఆ సంస్థే చెబుతుంది. చార్టర్ రావాలంటే పరీక్షలతో పాటు కనీసం 36 నెలల్లో 4,000 గంటల సంబంధిత అనుభవం ఉండాలి. ఎఫ్‌ఆర్ఎం రెండు భాగాలు, రెండేళ్ల అనుభవం, బ్యాంకు రిస్క్ విభాగాలకు దగ్గరి సిలబస్. కానీ ఈ పరీక్షలు జ్ఞానాన్ని రుజువు చేస్తాయి తప్ప మొదటి ఉద్యోగానికి తలుపు దగ్గర నిలబెట్టవు. ఇంటర్న్‌షిప్, క్యాంపస్ నియామకాలు, పూర్వ విద్యార్థుల పరిచయాలు డిగ్రీతోనే వస్తాయి. రంగం మారేవాళ్లకు డిగ్రీ, రంగంలో ఉండి లోతుకు వెళ్లేవాళ్లకు సర్టిఫికెట్ అన్నది మొదటి అంచనాగా పెట్టుకోవచ్చు. ఎంఎస్సీకి దరఖాస్తు చేసే ముందే సీఎఫ్‌ఏ మొదటి స్థాయి పాసైతే, వేరే రంగం డిగ్రీ ఉన్నవాళ్లకు అది గట్టి ఆధారం అవుతుంది.

సమయం దగ్గర దెబ్బతినేవాళ్లు ఎక్కువ. పెద్ద బ్యాంకులు పూర్తికాలపు ఉద్యోగులను చాలావరకు తమ వేసవి ఇంటర్న్‌ల నుంచే తీసుకుంటాయి. ఏడాది కోర్సులో చాలాసార్లు మధ్యలో వేసవే ఉండదు. అలాంటి కోర్సులో చేరేవాళ్లు క్లాసులు మొదలయ్యే నాటికే రెజ్యూమె, వాల్యుయేషన్ ప్రాక్టీసు సిద్ధం చేసుకోవాలి. మొదటి నెలల్లోనే నియామకాల గడువులు వచ్చిపడతాయి. చదువు అర్థమయ్యాక దరఖాస్తు చేద్దామని ఆగితే బండి వెళ్లిపోతుంది. ఇంటర్న్‌షిప్‌కు వీలుగా 15 లేదా 18 నెలలకు పొడిగించుకునే వెసులుబాటు ఉన్న కోర్సు ఈ ఒక్క కారణంతోనే మెరుగు.

ప్రవేశ పరీక్ష విషయానికొస్తే, ఇప్పటి జీమ్యాట్ 64 ప్రశ్నలు, రెండు గంటల 15 నిమిషాలు. క్వాంట్, వెర్బల్, డేటా ఇన్‌సైట్స్ ఒక్కోటి 45 నిమిషాలు. మొత్తం స్కోరు 205 నుంచి 805. పాత 800 స్కేలులో 700 వచ్చిన పాత విద్యార్థి మాట విని కొత్త పరీక్షలో అదే అంకె లక్ష్యంగా పెట్టుకోకూడదు, రెండు స్కేళ్లూ వేరు. పర్సంటైల్‌తో పోల్చాలి.

దరఖాస్తు చేసేముందు రెండు వారాలు ఒక పని చేసి చూడటం మంచిది. ఐఎఫ్‌ఆర్ఎస్ 9 పాటించే ఏదైనా పెద్ద బ్యాంకు వార్షిక నివేదిక, దాని మూలధన వివరాలు వెబ్‌సైట్ నుంచి దించుకోండి. నికర వడ్డీ ఆదాయం, ఆదాయంలో ఖర్చుల వాటా, మూడో దశ రుణాలు (మొండిబాకీలుగా మారినవి), వాటి మీద కేటాయింపు, కామన్ ఈక్విటీ నిష్పత్తి, గడువు దాకా ఉంచుకునే బాండ్ల మార్కెట్ విలువ వెతికి మూడేళ్ల అంకెలు ఒక షీటులో పెట్టండి. ఏది ఎందుకు మారిందో నోట్స్ చదివి నాలుగు వాక్యాలు రాయండి. ఈ పని విసుగనిపిస్తే క్రెడిట్, ట్రెజరీ, రిస్క్ ఉద్యోగాలు కూడా విసుగే. వాటాల అమ్మకాలు, విలీనాల వైపు చూడటం మేలు. ఆసక్తిగా ఉంటే ఆ షీటునే దరఖాస్తు వ్యాసంలో, తర్వాత ఇంటర్వ్యూలో వాడుకోవచ్చు. 'ఫైనాన్స్ అంటే ఇష్టం' అనే వాక్యం కన్నా అది చాలా ఎక్కువ చెబుతుంది.

ఇప్పటికే బ్యాంకులో పనిచేస్తున్నవాళ్లకు ఉద్యోగం వదలకుండా చేసే పార్ట్‌టైమ్ లేదా ఆన్‌లైన్ పీజీ తరచూ లాభసాటి. పోయిన జీతం సున్నా కాబట్టి పైన వేసిన లెక్క పూర్తిగా మారిపోతుంది. కాకపోతే క్యాంపస్ నియామకాలు వీళ్లకు దొరకవు, కాబట్టి లోపలి బదిలీయే ఫలితం కావాలి. చేరే ముందే క్రెడిట్ లేదా ట్రెజరీ విభాగం పెద్దతో మాట్లాడి, ఏ పేపర్లు చదివితే అక్కడికి తీసుకుంటారో కనుక్కుని, ప్రాజెక్టును ఆ విభాగం సమస్య మీదే పెట్టుకోవాలి. ఖాతాదారుల వివరాలు ప్రాజెక్టులో వాడాలంటే బ్యాంకు లిఖిత అనుమతి కావాలి, అది రావడానికి నెలలు పట్టవచ్చు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే దానికి దరఖాస్తు పెట్టుకోవాలి.